ఓపిక లేదంటే బద్ధకం కాదు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒక్కదానికే జవాబు రాస్తున్నాను. మిగతా అక్కచెల్లెళ్ళు ఏమీ అనుకోకండి. గోదావరి వైపు నుంచి ఒక చెల్లెలు రాసింది. పేరూ ఊరూ వెయ్యొద్దంది గనక వెయ్యటం లేదు.

"అక్కా, మా పెద్ద ఆడపడుచుకి 53 ఏళ్ళు. భర్త పోయి పాతికేళ్ళయింది. ఆయన వల్లనే ఆవిడకి హెచ్.ఐ.వి. వచ్చింది. 16 ఏళ్ళుగా మందులు వాడుతోంది, ఒక్కపూట మానలేదు. మొన్న పరీక్షలో వైరస్ కనిపించటం లేదన్నారు. కానీ ఏడాదిగా మనిషి నీరసించిపోతోంది. నాలుగు మెట్లెక్కితే కూలబడుతుంది. తడిబట్ట పిండలేకపోతోంది. పెరట్లో రెండుసార్లు పడింది. 78 ఏళ్ళ మా అత్తగారే ఆవిడకంటే చురుగ్గా తిరుగుతున్నారు. మావారేమో 'దానికి ఒళ్ళు వంగటం లేదు' అంటారు. అత్తగారేమో 'జబ్బు ముదిరిపోయింది, నా దగ్గర దాస్తున్నారు' అని ఏడుస్తారు. ఇందులో ఏది నిజం?"

రెండూ కాదు చెల్లీ. నువ్వు రాసింది చూస్తే మూడోది ఒకటుంది. దాన్ని గురించి మన ఇళ్ళల్లో ఎవరూ మాట్లాడుకోరు. అదేమిటో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మన దేశంలో హెచ్.ఐ.వి.ని మొదట కనిపెట్టింది 1986లో, చెన్నైలో, డాక్టర్ సునీతి సోలొమన్ గారి బృందం. ఆ తరవాత పదేళ్ళూ ఆ పేరు వింటేనే మనకి గుండె ఆగేది. గోడల మీద పుర్రె బొమ్మలు, పక్కన ఎముకలు. 1996 నాటికి మూడు మందులు కలిపి ఇస్తే ప్రాణం నిలుస్తుందని పై దేశాల్లో తేలింది గానీ ఆ ఖరీదు మనవాళ్ళు భరించగలిగింది కాదు. 2004 ఏప్రిల్ 1న మన ప్రభుత్వం ఉచితంగా మందులివ్వటం మొదలుపెట్టింది. జబ్బు ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లోనూ ఢిల్లీలోనూ ముందు మొదలైంది, ఆ ఆరింటిలో అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పుడు ముప్ఫైల్లో ఉండి, ఆ మందులతో బతికి బట్టకట్టినవాళ్ళకి ఇప్పుడు యాభై దాటాయి.

మా దగ్గరి బంధువు ఒకావిడకి తోడుగా నేను ఎ.ఆర్.టి. సెంటరుకి వెళ్తూంటాను. పదిహేనేళ్ళ కిందట ఆ వరండాలో బల్లల మీద పాతికేళ్ళ పిల్లలు, చంకన బిడ్డలతో కూర్చుని ఉండేవాళ్ళు. ఇప్పుడు అవే బల్లల మీద నెరిసిన తలలు, కళ్ళజోళ్ళు, ఒకరిద్దరి చేతుల్లో కర్రలు. మందుల చీటీ అందుకోవటానికి లేచేటప్పుడు ఎంతమంది బల్ల అంచు పట్టుకుని లేస్తారో చూస్తే తెలుస్తుంది. ఆ జబ్బుతో పోతామనుకున్నవాళ్ళు ఇవాళ ముసలివాళ్ళవుతున్నారు. ఇది సంతోషించాల్సిన సంగతే. అయితే ఆ ముసలితనం వాళ్ళకి కొంచెం తొందరగా వస్తోంది.

దీన్ని డాక్టర్లు 'ఫ్రెయిల్టీ' అంటారు. మన మాటలో చెప్పాలంటే వడలిపోవటం. ఫలానా జబ్బని వేలు పెట్టి చూపించలేం. శరీరంలో అన్ని చోట్లా దాచుకున్న బలం కాస్త కాస్త తరిగిపోయి, చిన్న జ్వరం వచ్చినా, కాలు జారినా తిరిగి కోలుకోలేని స్థితి అన్నమాట. అమెరికాలో లిండా ఫ్రైడ్ అనే డాక్టరుగారూ ఆమె తోటివాళ్ళూ 2001లో దీన్ని గుర్తుపట్టటానికి అయిదు ఆనవాళ్ళు చెప్పారు. అవి ఇప్పటికీ వాడుతున్నారు. చూడండి, అయిదూ మన ఇంట్లో కనిపించేవే.

కావాలని తగ్గకుండానే ఏడాదిలో నాలుగున్నర కిలోలకు పైగా బరువు తగ్గటం మొదటిది. మనకి తూకం ఎక్కడిది అంటారా, జాకెట్లు వదులైపోవటం, గాజులు మోచేతి దాకా జారటం చూడండి చాలు. రెండోది, వారంలో మూడు నాలుగు రోజులు 'ఏ పని చేసినా కొండెక్కినట్టుంది' అనిపించటం. మూడోది చేతిపట్టు తగ్గటం. ఆస్పత్రిలో దానికొక పరికరం ఉంది, మనకి ఊరగాయ జాడీ మూత, తడి దుప్పటి ఉన్నాయి. నాలుగోది నడక నెమ్మదించటం. అయిదోది, ఇదివరకు తిరిగిన మనిషి తిరగటం మానేసి ఒకచోట కూర్చోవటం. ఈ అయిదింట్లో మూడు ఉంటే వడలిపోయినట్టు లెక్క. ఒకటో రెండో ఉంటే ఆ దారిలో ఉన్నట్టు. ఆ దారిలో ఉన్నవాళ్ళని వెనక్కి తీసుకురావచ్చు, మూడున్నవాళ్ళలో కూడా చాలామంది తేరుకుంటారు. అందుకే ఇంత రాస్తున్నాను.

ఇంకొక చిన్న పరీక్ష. చేతులు లేని కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు గుండెకి కట్టుకుని అయిదుసార్లు లేచి కూర్చోమనండి. 15 సెకన్ల కంటే ఎక్కువ పడితే కాళ్ళలో బలం తగ్గిందన్నమాట. పక్కన ఒకరు నిలబడి ఉండాలి సుమా, పడిపోగలరు.

మరి వైరస్ కనిపించటం లేదన్నారు కదా, ఇదెందుకు వచ్చింది? మందులు వైరస్‌ని రక్తంలో లేకుండా నొక్కిపెడతాయి గానీ శరీరంలో మూలమూలలా దాక్కున్నదాన్ని తుడిచిపెట్టలేవు. అందుచేత ఒంట్లో కాపలా కాసే కణాలు ఏళ్ళ తరబడి నిద్రపోకుండా ఉంటాయి. పొయ్యి సిమ్‌లో పెట్టి రోజంతా వదిలేస్తే మంట కనపడకపోయినా గిన్నె అడుగంటుతుంది చూశారా, అలాంటిదే. ఆ సన్నసెగకి గుండె రక్తనాళాలు, ఎముకలు, కండలు అన్నీ కొంచెం కొంచెంగా అరుగుతాయి.

పైగా ఆ తరంవాళ్ళకి మందులు ఆలస్యంగా అందాయి. 2004లో రోగనిరోధక కణాలు, అంటే సి.డి.4, 200 కంటే కిందకి పడితేగానీ చాలామందికి మందు మొదలుపెట్టేవాళ్ళు కాదు. పరీక్షలో తేలిన ప్రతివాళ్ళకీ వెంటనే మందివ్వాలన్న పద్ధతి 2017లో గానీ రాలేదు. ఆ మధ్యకాలంలో శరీరం పడిన దెబ్బ ఊరికే పోదు. అప్పటి మందులూ మొరటువే. స్టావుడిన్ వాడినవాళ్ళకి బుగ్గలు లోపలికి పోయేవి, పాదాలు మంటలెత్తేవి. జిడోవుడిన్‌తో కొందరికి రక్తం తగ్గేది. ఇప్పటికీ చాలామంది వాడుతున్న టెనోఫోవిర్ మంచి మందే గానీ కొందరిలో ఎముకలనీ మూత్రపిండాలనీ కొంచెం ఇబ్బంది పెడుతుంది.

ఇవన్నీ డాక్టర్లు చెప్పే కారణాలు. వాళ్ళ పుస్తకాల్లో లేనిది ఒకటి నేను చెబుతాను. భర్త పోయి, 'నువ్వే తెచ్చావు' అని అత్తింటివాళ్ళ చేత మాటపడి, పుట్టింటికి చేరిన ఆడమనిషి ఆ ఇంట్లో ఎలా బతుకుతుందో మనకి తెలియదా? అందరికంటే ముందు లేస్తుంది, అందరూ తిన్నాక గిన్నె అడుగున ఉన్నది తింటుంది. తనకి పెట్టే ముద్దకి బదులు పని చూపించాలని పాతికేళ్ళు ఒళ్ళు దాచుకోకుండా చాకిరీ చేస్తుంది. అటువంటి మనిషి ఇవాళ బిందె దింపి కూర్చుంటే 'ఒళ్ళు వంగటం లేదు' అన్నారట! మగవాళ్ళ మాట అలా ఉంచండి, మనం కూడా అంటూంటాం ఆ మాట.

అమెరికాలో మగవాళ్ళ మీద చేసిన ఒక పెద్ద పరిశీలన 2007లో అచ్చయింది. హెచ్.ఐ.వి. ఉన్న 55 ఏళ్ళవాళ్ళలో ఈ వడలిపోయే లక్షణాలు ఏ పాళ్ళలో ఉన్నాయో, అది లేని 65 దాటినవాళ్ళలోనూ అదే పాళ్ళలో ఉన్నాయని తేలింది. మంచి మందులు ఇంకా అందరికీ అందని రోజుల లెక్కలు కూడా అందులో కలిసి ఉన్నాయి, కాబట్టి ఇవాళ అంత తేడా ఉండకపోవచ్చు. అయినా మీ అత్తగారికంటే మీ ఆడపడుచు ముందు అలసిపోవటం వింతేమీ కాదని దీన్నిబట్టి తెలుస్తుంది కదా.

ఇప్పుడు ఏం చెయ్యాలో చూద్దాం. నేను ఇంటరు దాకా చదివినదాన్ని, డాక్టర్ని కాదు. అందుచేత మొట్టమొదట చెప్పేది, ఎ.ఆర్.టి. సెంటరులో డాక్టరుగారికి ఈ నీరసం సంగతి చెప్పాలి. 'బాగున్నారా?' అంటే 'బాగున్నానండీ' అని చీటీ రాయించుకుని రావటం కాదు. ఎంత బరువు తగ్గింది, ఎన్నిసార్లు పడింది, మెట్లెక్కలేకపోవటం ఎప్పట్నుంచి, అన్నీ కాగితం మీద రాసుకుని నువ్వే వెంట వెళ్ళు చెల్లీ. ఎందుకంటే హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళు బరువు తగ్గితే వయసని ఊరుకోకూడదు. దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గటం - వీటిలో ఏ ఒక్కటున్నా ముందు క్షయ పరీక్ష చెయ్యాలి. రక్తం, షుగరు, థైరాయిడ్, బి12, మూత్రపిండాలు కూడా చూస్తే మంచిది. మనసు బాగుండక తిండి మానేసినా ఇలాగే ఉంటుంది. ఇవేవీ కాదని తేలాక కదా వడలిపోవటం అనాలి.

ఇంకొక ముఖ్యమైన సంగతి, దయచేసి జాగ్రత్తగా చదవండి. మనవాళ్ళు హెచ్.ఐ.వి. మందులు ఒకచోట తెచ్చుకుంటారు. షుగరుకీ బి.పి.కీ ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళి, అక్కడ ఈ సంగతి దాచేస్తారు. కారణం నాకు తెలుసు. మా బంధువుని ఒకచోట సంగతి చెప్పగానే కుర్చీ దూరంగా జరపమన్నారు. ఆ తరవాత ఆవిడ ఎవరికీ చెప్పటం మానేసింది. కానీ దాచటంలో అపాయం ఉంది. ఇప్పుడు మన దేశంలో ఎక్కువమంది వాడే డోలుటెగ్రవిర్ అన్న మందు, షుగరు బిళ్ళ మెట్‌ఫార్మిన్‌తో కలిస్తే ఒంట్లో మెట్‌ఫార్మిన్ పాళ్ళు పెరుగుతాయి. మోతాదు చూసుకుని ఇవ్వాలి. గ్యాసుకని మనం గడగడా తాగే యాంటాసిడ్ మందు దానితోపాటు పడితే డోలుటెగ్రవిర్ ఒంటికి సరిగా పట్టదు. అది వేసుకున్న రెండు గంటల తరవాత గానీ, వేసుకోవటానికి ఆరు గంటల ముందు గానీ యాంటాసిడ్ తాగాలి. కాల్షియం, ఐరన్ బిళ్ళలకీ ఇదే లెక్క, అయితే వాటిని డోలుటెగ్రవిర్‌తో కలిపే వేసుకోవాలంటే అన్నం తింటూ వేసుకుంటే ఫరవాలేదు. ఎముకలకి మంచిదని ఖాళీ కడుపున పొద్దున్నే రెండూ కలిపి మింగేవాళ్ళు చాలామంది ఉన్నారు. మందుల డబ్బా మొత్తం ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్ళి, ఇద్దరు డాక్టర్లకీ చూపించండి. చెప్పుకోవటానికి సిగ్గయితే ఎ.ఆర్.టి. పుస్తకం టేబుల్ మీద పెడితే చాలు, నోరు తెరవక్కర్లేదు.

వెళ్ళినప్పుడు ఇంకో రెండు సంగతులు అడగండి. గుండె గురించి ఒకటి. హెచ్.ఐ.వి. ఉన్న 40 నుంచి 75 ఏళ్ళ వాళ్ళు 7,769 మందిని తీసుకుని, మన దేశంతో సహా 12 దేశాల్లో ఒక పరీక్ష చేశారు. ఫలితాలు 2023లో వచ్చాయి. కొలెస్ట్రాల్‌కి ఇచ్చే స్టాటిన్ రకం బిళ్ళ ఒకటి రోజూ వేసుకున్నవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం లాంటివి 35 శాతం తగ్గాయి. మా ఆడపడుచుకి అది అవసరమా అని అడగటంలో తప్పులేదు. రెండోది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. హెచ్.ఐ.వి. ఉన్న ఆడవాళ్ళకి ఇది వచ్చే అవకాశం ఆరింతలు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మూడు నుంచి అయిదేళ్ళకొకసారి పరీక్ష చేయించుకోవాలి. ముట్లుడిగాయి కదా ఇంకెందుకు అనకండి. ముట్లుడిగిన తరవాత ఎముకలు కూడా తొందరగా గుల్లబారతాయి. రెండుసార్లు పడ్డ మనిషి కాబట్టి ఎముకల సాంద్రత పరీక్ష గురించీ అడగండి.

ఇక మన రాజ్యం, వంటిల్లు. వయసు మళ్ళిన శరీరానికి మాంసకృత్తులు కిలో బరువుకి ఒకటి నుంచి 1.2 గ్రాముల దాకా కావాలంటున్నారు. అంటే 50 కిలోల మనిషికి రోజుకి 50 నుంచి 60 గ్రాములు. మన పెద్దాడపడుచులు తినేది చారన్నం, మజ్జిగన్నం, పక్కన ఊరగాయ బద్ద. అందులో ఎక్కడున్నాయి మాంసకృత్తులు? రోజు మొత్తానికి పావుకిలో బియ్యంలో 19 గ్రాములు వస్తాయి. 50 గ్రాముల కందిపప్పులో 11. ఒక గుడ్డులో 6. మూడువందల మిల్లీలీటర్ల పాలూ పెరుగూ కలిపి 9 దాకా. గుప్పెడు వేరుశనగపప్పు, అంటే 30 గ్రాములు, ఇంకో 7. లెక్క కట్టండి, 52 అయ్యాయి. ఏమంత ఖరీదైన తిండి చెప్పాను? చేపలు తినేవాళ్ళయితే ఇంకా మంచిది. మూత్రపిండాల ఇబ్బంది ఉందని డాక్టరుగారు చెప్పినవాళ్ళు మాత్రం ఆయన్ని అడిగి గానీ పప్పు పెంచకండి. అన్నిటికంటే ముఖ్యం, ఆవిడకి కూడా అందరితోపాటు విస్తరి వెయ్యండి. చివర తినే మనిషికి పప్పు మిగలదు.

కంచం వేరు, గ్లాసు వేరు పెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయని విన్నాను. కంచం వల్ల, ఒకే బాత్‌రూమ్ వాడటం వల్ల, పక్కన పడుకోవటం వల్ల హెచ్.ఐ.వి. రాదు. మందులు సరిగ్గా వాడి రక్తంలో వైరస్ కనిపించని వాళ్ళ నుంచి దాంపత్యంలో కూడా అంటదని ఇవాళ రూఢి అయింది. ఇంక కంచం దగ్గర భయమేమిటి?

కూర్చోబెట్టి తినిపిస్తే మాత్రం కండ రాదు. కండకి పని చెప్పాలి. అందుకని ఆవిడ చేతిలో పనులన్నీ లాగేసుకుని మంచానికి అప్పగించకండి. అది ప్రేమే గానీ దానివల్ల ఇంకా వడలిపోతారు. బిందెలు మొయ్యటం, అటక మీదవి దించటం మానిపించండి. కూరలు తరగటం, మొక్కలకి నీళ్ళు పొయ్యటం, పిల్లల్ని బడి దాకా దిగబెట్టి రావటం ఉంచండి. రోజూ రెండు పూటలా కుర్చీలోంచి పదేసిసార్లు లేచి కూర్చోవటం, వంటగట్టు పట్టుకుని మడమలు పైకెత్తి దించటం, అరలీటరు నీళ్ళ సీసా చెరో చేతిలో పట్టుకుని ఎత్తి దించటం. మొదట అయిదుతో మొదలుపెట్టి వారానికి ఒకటి రెండు పెంచండి. మీ అత్తగారిని కూడా పక్కన కూర్చోబెట్టి చేయించండి, ఆవిడకీ మంచిదే, మీ ఆడపడుచుకీ సరదాగా ఉంటుంది.

పెరట్లో రెండుసార్లు పడిందన్నావు. బోరింగు దగ్గర నాచు గోకించి, రాత్రిపూట దొడ్డివైపు దీపం ఉంచండి. నున్నటి కడపరాళ్ళ మీద తడి ఉంటే మనకే కాలు నిలవదు. మరుగుదొడ్డి నేలబారుదైతే పక్క గోడకి ఒక ఇనప కడ్డీ బిగిస్తే లేవటానికి ఆసరా. అరిగిన హవాయి చెప్పులు పారెయ్యండి.

మీవారితో ఒక మాట చెప్పు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ప్రకారం ఈ జబ్బుందని వైద్యం నిరాకరించటం గానీ, ఇంట్లోంచి వెళ్ళగొట్టటం గానీ కుదరదు. మన రెండు రాష్ట్రాల్లోనూ వీళ్ళకి ప్రభుత్వ పింఛను ఉంది, ఆవిడకి వస్తోందో లేదో కనుక్కోండి. సందేహాలుంటే 1097 నంబరుకి ఫోను చెయ్యొచ్చు, డబ్బులు పడవు, పేరు చెప్పక్కర్లేదు. ఆవిడ పేర పింఛను వస్తే ఆ డబ్బుతో ఆవిడకే గుడ్లూ పాలూ కొనండి, ఇంటి ఖర్చులో కలిపెయ్యకండి.

చివరగా, పళ్ళు కదిలి గట్టివి నమలలేనివాళ్ళకి పనికొచ్చే అట్టు ఒకటి రాస్తున్నాను. మా ఇంట్లో వారానికి మూడుసార్లు చేస్తాను. ఒక గ్లాసు పొట్టు పెసలు, అరగ్లాసు రాగులు, గుప్పెడు మినప్పప్పు రాత్రి నానబొయ్యండి. పొద్దున్న రెండు పచ్చిమిరపకాయలు, అల్లం ముక్క, జీలకర్ర, ఉప్పు వేసి మెత్తగా రుబ్బండి. రాగులు మెదగటానికి కొంచెం ఎక్కువసేపు పడుతుంది. అందులో గుప్పెడు లేత మునగాకు సన్నగా తరిగి కలపండి, ఈనెలు తీసెయ్యాలి. పెనం మీద పెసరట్టులా పల్చగా కాకుండా కాస్త మందంగా వేసి, గుడ్డు తినేవాళ్ళకి పైన ఒక గుడ్డు కొట్టి పరిచి, మూతపెట్టి సన్నసెగ మీద మగ్గనివ్వండి. తిరగెయ్యక్కర్లేదు. వేయించిన నువ్వులూ వేరుశనగపప్పూ కలిపి నూరిన పచ్చడితో పెట్టండి. రాగులుండటం వల్ల చల్లారితే గట్టిపడుతుంది, అందుకని ఆవిడ మందు వేసుకుని వచ్చి కూర్చున్నాకే పెనం మీద వెయ్యండి.